మా ఇంటికి కొండ సైకిలొచ్చింది!

పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళని "పిల్ల ఎలా ఉంది?" అని అడగండి. "రంగు బాగానే ఉంది, జడ బారెడుంది" అంటారు. ఆ పిల్ల ఓర్పూ, నేర్పూ, మాటతీరూ నాలుగు నెలలు కలిసుంటేగాని తెలీవు కదా! కొత్త సైకిలు సంగతీ అంతేనని ఈ మధ్యే నాకు తెలిసొచ్చింది. "వంటలూ వడియాలూ చెప్పే ఈవిడ ఈ వారం సైకిళ్ళ మీద పడిందేమిటీ?" అనుకుంటున్నారా? కాస్త ఓపిగ్గా చదవండి. పిల్లలున్న ఇంట్లో రేపో మాపో ఈ ప్రస్తావన రాకపోదు.

మాది విశాఖపట్నం. ఎత్తులూ పల్లాలూ తప్ప చదునైన రోడ్డు వెతుక్కోవలసిన ఊరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ట్యూషన్ ఇంటికి మూడు కిలోమీటర్ల దూరం. పరీక్షలైపోయిన మర్నాటినుంచీ ఒకటే పాట... "అమ్మా, గేర్ల సైకిలు కొనిపెట్టవూ? మౌంటెన్ బైకే కావాలి!"

"కొండలెక్కుతావుటే?" అని నవ్వారు మావారు. "ఆడపిల్లకి అంత లావు టైర్ల బండి దేనికే?" అన్నారు అత్తయ్యగారు. చివరికి చీటీ డబ్బులు చేతికొచ్చిన వారం ముగ్గురం కొట్టుకి వెళ్ళాం.

తొలిచూపులో...

మీరూ చూసే ఉంటారు. టైర్లు పనసకాయ తొక్కలా బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కులో స్ప్రింగులున్నాయి. హ్యాండిలు మీద చెయ్యి ఆన్చి నొక్కితే కిందికి దిగి మళ్ళీ లేస్తోంది. చక్రాల మధ్యలో బ్రేకు కోసం చిల్లుల బిళ్ళ ఒకటి. అచ్చం మన జంతికల గొట్టంలో వేసే బిళ్ళే అనుకోండి! ఇరవైయొక్క గేర్లుట. మా అమ్మాయి కళ్ళు మిలమిలా మెరిశాయి. నిజం చెప్పొద్దూ, నావీ మెరిశాయి.

కాస్త తేరుకుని చూస్తే లేనివి కనిపించడం మొదలైంది. మడ్‌గార్డు లేదు. క్యారియరు లేదు. చైనుకి తొడుగు లేదు. బెల్లూ, తాళమూ కూడా లేవు. "అవన్నీ విడిగా తీసుకోవాలండీ" అన్నాడు కొట్టబ్బాయి. కట్నం వేరు, లాంఛనాలు వేరన్నమాట! కాబట్టి సైకిలు ధర పదిహేడు వేలని విని అంతే తీసుకెళ్ళకండి. హెల్మెట్, తాళం, లైట్లు, పంపు, మడ్‌గార్డులు కలిసేసరికి మాకు మరో నాలుగు వేలైంది.

ఇంకో మాట. కొట్లో ఎవరూ చెప్పరు గాని, సైకిలుని రెండు చేతులా ఒకసారి పైకెత్తి చూడండి. ఓ మాదిరి ధరలో దొరికే ఇనుప ఫ్రేము మౌంటెన్ బైకులు పదహారు, పద్ధెనిమిది కిలోలదాకా ఉంటాయి. అంటే మన ఖాళీ గ్యాసు సిలిండరు కంటే ఓ పిసరు ఎక్కువే! లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇంతకీ ఈ అవతారం దేనికి?

ఈ సైకిలు పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా. అక్కడ మారిన్ కౌంటీ అనే చోట 1970లలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు పోగుచేసి, కొండల మీద మట్టిదారుల్లో కిందికి తోలడం మొదలుపెట్టారు. ఆ పాత సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులుండేవి. కొండ దిగేసరికి బ్రేకు కాలిపోయేంత వేడెక్కి, లోపలి గ్రీజంతా పొగైపోయేదిట. మళ్ళీ దిగాలంటే మళ్ళీ గ్రీజు కూరుకోవాలి. ఆ కూరుకోవడం మీదే 1976లో మొదలైన వాళ్ళ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్'ని పెద్దయెత్తున చేసి అమ్మకానికి పెట్టింది. అలా కుర్రాళ్ళ సరదా కాస్తా లోకమంతా పాకింది.

ఆడవాళ్ళేం వెనకబడలేదండోయ్! ఆ తొలి పందేల్లోనే వెండీ క్రాగ్ అనే ఆవిడ తోలింది, ఆ ముచ్చట్లన్నీ ఫోటోలూ తీసింది. జాకీ ఫెలాన్ అనే చాంపియను 1980లలో ఆడవాళ్ళకోసం ఏకంగా 'మౌంటెన్ బైక్ అండ్ టీ సొసైటీ' పెట్టింది. కొండెక్కి దిగడం, కలిసి టీ తాగడం... బాగుంది కదూ! 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పందెం మొదటిసారి పెట్టినప్పుడు మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళకీ పెట్టారు. ఇటలీకి చెందిన పావొలా పెజ్జో బంగారు పతకం తెచ్చుకుంది. 2000లో సిడ్నీలోనూ ఆవిడే గెలిచింది.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, మౌంటెన్ బైకులో కనిపించే ప్రతి హంగూ రాళ్ళూ మట్టీ ఉన్న వాలుదారి కోసం పుట్టింది. బుడిపెల టైరు మట్టిని పట్టుకోవడానికి. తారురోడ్డు మీద అదే టైరు బుర్రుమని చప్పుడు చేస్తుంది, తొక్కేవాళ్ళ బలం కొంత తినేస్తుంది. స్ప్రింగు ఫోర్కు గతుకుల్లో హాయి. నున్నటి రోడ్డుమీద ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మన బలమంతా దాన్ని ఊపడానికే పోతుంది. కొన్నింటికి ఆ ఊపు ఆపే మీట ఉంటుంది, అడిగి చూడండి. కాకినాడ, భీమవరంలాంటి చదును ఊళ్ళలో ఉండేవాళ్ళయితే పిల్లలకి నచ్చజెప్పి తేలికైన మామూలు సైకిలు కొంటేనే సుఖం. మా ఊరి ఎత్తులకి మాత్రం గేర్లు దేవుడిచ్చిన వరం.

గేరంటే భయపడకండి. పెద్ద బిందె ఒక్కసారి ఎత్తడమా, చెంబుతో పదిసార్లు తోడటమా... అంతే తేడా. ఎత్తు వచ్చేముందే తేలిక గేరులోకి మార్చుకుంటే కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి, బరువు మాత్రం కొంచెం కొంచెంగా పడుతుంది. ముందువైపు చిన్న పళ్ళచక్రం, వెనకవైపు పెద్ద పళ్ళచక్రం... ఇది తేలిక. మార్చేటప్పుడు పెడలు ఆపకూడదు, బలంగా తొక్కకూడదు. మెల్లిగా తిప్పుతూ మార్చాలి.

నా తెలివి చేసిన పని

కొన్న రెండో వారంలో బ్రేకు వేసినప్పుడల్లా 'కీచ్'మని చప్పుడు. వీధిలో అందరూ తిరిగి చూస్తున్నారని మా అమ్మాయి గోల. కీచుమంటే ఏం చేస్తాం మనం? తలుపు బందైనా, కుట్టుమిషనైనా... నూనె! శనివారం రాత్రి మిషను నూనె డబ్బా తీసుకుని చైనుకి వేశాను. ఆ చేత్తోనే జంతికల బిళ్ళకి రెండువైపులా నాలుగేసి చుక్కలు వేసి గుడ్డతో మెరిసేలా తుడిచాను. చప్పుడు మాయం! నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్న ఆరింటికి మా అమ్మాయి బీచికని బయల్దేరింది. పాండురంగపురం వాలు తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, పైనుంచి చూస్తే సముద్రంలోకే దిగుతున్నట్టుంటుంది. సగం దిగాక పిల్ల బ్రేకులు రెండూ నొక్కింది. పడలేదు. గట్టిగా నొక్కింది. అయినా పడలేదు. అదృష్టం బాగుండి, పక్కన ఎవరో ఇల్లు కడుతూ పోసిన ఇసకగుట్ట కనిపించి దాన్లోకి తిప్పేసింది. మోచెయ్యీ, గడ్డమూ గీరుకుపోయాయి. ఎడమవైపు హెల్మెట్‌కి బెత్తెడు చీలిక. "జుట్టు పాడైపోతుందమ్మా, వద్దు" అని రోజూ పేచీ పెట్టిన హెల్మెట్ అది. ఆ చీలిక ఎక్కడ పడవలసిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

సైకిలు బాగుచేసే అతను చక్రాన్ని ఒక్కసారి తిప్పి చూసి, "బిళ్ళకి నూనె ఎవరు పూశారమ్మా?" అన్నాడు. నా నోట మాట రాలేదు.

బ్రేకు అంటే రాపిడి. అటూ ఇటూ రెండు దిమ్మలు బిళ్ళని నొక్కి పట్టుకుంటాయి. నూనె తగిలితే పట్టు జారిపోతుంది. దిమ్మలు నూనె పీల్చుకుంటే ఎంత తుడిచినా పోదు. అతను బిళ్ళని స్పిరిట్‌తో తుడిచి, దిమ్మలు కొత్తవి వేశాడు. కొత్త బ్రేకులు మొదట్లో కాస్త అరవడం మామూలేనట. చదునైన ఖాళీ రోడ్డుమీద ఓ మాదిరి వేగంతో వెళ్ళి, బ్రేకు గట్టిగా పట్టి వేగం తగ్గించడం... ఇలా ఇరవైసార్లు చేస్తే దిమ్మలు బిళ్ళకి కుదురుకుంటాయట. ఆ రీప్యాక్ కుర్రాళ్ళ బ్రేకుకి గ్రీజే ప్రాణం. మన డిస్కు బ్రేకుకి అదే విషం. కథ తెలిసినంత మాత్రాన తెలివొచ్చినట్టు కాదని అప్పుడు తెలిసింది!

ఆ రాత్రి మా ఇంట్లో

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు "దాన్ని అమ్మిపారెయ్యండి" అన్నారు. "నేను ముందే చెప్పానా! ఆడపిల్లకి ఏదన్నా అయితే రేపు ఎవరు చేసుకుంటారు?" అన్నారు అత్తయ్యగారు. మా అమ్మాయి కంచంలో చెయ్యిపెట్టి తల వంచుకు కూర్చుంది. ఆ తల వంచుకోవడం నాకు బాగా తెలుసు.

1993లో నేను పదో తరగతి. గంటకింతని అద్దె సైకిలు తీసుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అరపెడలు తొక్కుతూ నేర్చుకున్నదాన్ని. మా అన్నయ్య సైకిలు మీద బడికి వెళ్తుంటే ఓరోజు ఓణీ చైనులో పడి, బజారు మధ్యలో పడ్డాను. మోకాలి దెబ్బ వారంలో మానింది. సైకిలు మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు. నాన్నగారు కోప్పడను కూడా లేదు, తాళంచెవి జేబులో వేసుకున్నారు, అంతే. చైనుకి తొడుగు లేకపోవడం తప్పా, నేను సైకిలెక్కడం తప్పా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మా అమ్మాయిలాగే తల వంచుకు అన్నం తిన్నాను.

ఈసారి అడిగేశాను. "తప్పు సైకిలుదీ కాదు, పిల్లదీ కాదు. బిళ్ళకి నూనె పూసింది నేను" అన్నాను. అందరూ నావైపు చూశారు. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. చెప్పకపోతే నా తప్పుకి పిల్ల సైకిలు పోయేది. "1990లలో తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పితే, పల్లెటూరి ఆడవాళ్ళు వేలమంది నేర్చుకున్నారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోడానికి డబ్బిచ్చింది, బడి మానకుండా ఉండాలని. మన పిల్లా తొమ్మిదే. మనమేమో ఉన్న సైకిలు అమ్మేద్దామంటున్నాం" అన్నాను.

మావారు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న ఆయనే బండి తీసుకెళ్ళి కొత్త హెల్మెట్ కొనుక్కొచ్చారు. అత్తయ్యగారు మావయ్యగారి పాత పంచె నాలుగు ముక్కలుగా చింపి, "సముద్రం గాలికి తుప్పు పడుతుంది, రోజూ తుడుచుకోవే" అని మనవరాలి చేతిలో పెట్టారు.

మీరు కొనేముందు...

మేము దెబ్బతిని నేర్చుకున్నవి మీకు ఊరికే చెప్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

బ్రేకు బిళ్ళకీ, దిమ్మలకీ నూనె తగలనివ్వకండి. జిడ్డు చేత్తో కూడా ముట్టుకోవద్దు. వాలు దిగి రాగానే అసలే ముట్టుకోవద్దు, కాలుతుంది. నూనె చైనుకి మాత్రమే, లింకుకి ఒక్కో చుక్క. కాసేపు తిప్పి, పైన మిగిలిన జిడ్డంతా గుడ్డతో తుడిచెయ్యాలి. లేకపోతే దుమ్ము పట్టేస్తుంది.

రోజూ బయల్దేరేముందు రెండు బ్రేకులూ ఒక్కోటిగా నొక్కి సైకిలుని ముందుకి తోసి చూడాలి. చక్రం కదలకూడదు. బ్రేకు మీట హ్యాండిలుకి తగిలేదాకా వస్తుంటే తీగ వదులైనట్టే. కొత్త తీగలు మొదటి రెండు మూడు వారాల్లో సాగుతాయి, కొట్టుకి తీసుకెళ్ళి బిగించుకోవాలి. వాలులో రెండు బ్రేకులూ కలిపి వెయ్యాలి. ముందుదొక్కటే గట్టిగా పట్టేస్తే బోర్లాపడతాం.

సైకిలు ఎత్తు చూసేటప్పుడు కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడితే, కడ్డీకీ మనకీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. "పిల్ల ఎదుగుతుంది కదా" అని బట్టల్లాగా పెద్దసైజు కొనకండి. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, అడుగున ఉన్నప్పుడు కాలు చాచినట్టు రావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయం తీరేదాకా కాస్త కిందికి దించుకోవచ్చు.

హెల్మెట్ నుదుటిమీద, కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. వెనక్కి టోపీలా పెట్టుకుంటే దండగ. కొప్పు మీద కూర్చోదు, జడ కిందికి అల్లుకోవాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ని, చీలిక కనిపించకపోయినా, మార్చెయ్యాలి. లోపలి థర్మోకోలు ఒక్కసారే కాపాడుతుంది.

చైనుకి తొడుగు లేదు కనక చున్నీ వెయ్యకండి, వేస్తే నడుముకి గట్టిగా ముడెయ్యండి. కుడికాలు పైజామా అంచుకి ఓ రబ్బరు బ్యాండు చాలు. చీకటి పడ్డాక ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు ఉండాలి.

గాలి సంగతి. ఇప్పటి మౌంటెన్ బైకులు చాలావాటికి స్కూటరుకి ఉండేలాంటి వాల్వే ఉంటోంది. పాత సైకిలు పంపు పట్టదు, కొనేటప్పుడే అడగండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది.

చివరిగా ఓ రహస్యం

కిందటి ఆదివారం పొద్దున్న ఐదున్నరకి, వీధిలో ఎవరూ లేవకముందే, మా అమ్మాయి సీటు దించి "ఎక్కమ్మా" అంది. ముప్ఫైయేళ్ళ తరవాత సైకిలెక్కాను! ముందు పది గజాలు వంకరటింకరగా పోయింది. సీటు గట్టిగా ఉంది, నడుం పట్టేసింది, ఏ గేరు ఎటో అర్థం కాలేదు. "తేలిక గేరమ్మా, తేలిక గేరు!" అని పిల్ల వెనకాలే పరిగెడుతోంది. మా వీధి చివర చిన్న ఎత్తుంది. రోజూ కూరల సంచీతో ఆయాసపడుతూ ఎక్కే ఎత్తు. చెంబుతో తోడుకున్నట్టు కొంచెం కొంచెంగా తొక్కి, దిగకుండా పైకి చేరాను.

పైనించి సముద్రం కనిపించింది. దిగేముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకున్నాను లెండి!

మీ ఇంట్లో సైకిలు కొనడానికి వెళ్ళినప్పుడు పిల్లల ఎత్తుతోపాటు మీరూ ఒకసారి కడ్డీకి అటూ ఇటూ నిలబడి చూసుకోండి. కొట్టబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. ఏమంటారు?

వచ్చేవారం మళ్ళీ మన వంటింట్లోకి... మాగాయలో బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పుకుందాం.